మేడ మెట్లూ, పొగాకు బ్యారనూ

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే కుటుంబం. ప్రస్తుతం నేను సనత్‌నగర్‌లో ఒక నాలుగంతస్తుల మేడలో, పై అంతస్తున గది తీసుకుని చదువుకుంటున్నాను. పెద్ద మేడ అనగానే మా ఊళ్లో అందరూ అడిగేది ఒకటే - "కూలదు గదా?" అని. దక్కను పీఠభూమి మీది ఈ నగరానికి భూకంప భయం తక్కువే. నా భయమల్లా పొగతోనే.

2023 మార్చి 16 రాత్రి సికిందరాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. ఉద్యోగం కోసం వరంగల్, ఖమ్మం వైపు నుంచి వచ్చిన పిల్లలు. వారి ప్రాణం తీసింది మంట కాదు, పొగ. అప్పుడు నేను ఇంటర్ పరీక్షలు రాస్తున్నాను. మా అమ్మ ఆ వార్త విని "నిన్ను హైదరాబాదు పంపనురా" అని కూర్చుంది.

పొగ ఎలా పైకి పోతుందో మా బ్యారన్ చూసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు. కింద పొయ్యి మండుతుంటే లోపలి గాలి వేడెక్కి తేలికవుతుంది. పై కిటికీ తీయగానే ఆ గాలి బయటికి పోతుంది, కింది కంతల్లోంచి చల్లగాలి జొరబడుతుంది. అగ్గి ఉన్నంతసేపూ ఈ లాగుడు ఆగదు. మేడలో మెట్లదారీ, లిఫ్టు గొయ్యీ సరిగ్గా ఇలాంటి గొట్టాలే. 2022 సెప్టెంబరు 12న సికిందరాబాదులోనే రూబీ లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో నిప్పు పుట్టింది. పొగ మెట్లవెంట గదుల్లోకి ఎక్కి ఎనిమిది మందిని చంపింది.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే దాన్ని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి పరుగెత్తాలనుకునే లోపలే కాళ్లు చచ్చుపడతాయి.

జాతీయ భవన నియమావళి ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్నది హైరైజ్. అటువంటి వాటిలో మెట్లదారిలోకి ఫ్యానుతో గాలి కొట్టి, లోపలి ఒత్తిడిని బయటికంటే 50 పాస్కళ్లు ఎక్కువ ఉంచవచ్చు. లెక్క కట్టి చూస్తే అది 5 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి, అంతే! ఆ కాస్త చాలు, తలుపు సందులోంచి పొగ లోనికి రాదు. కాని ఎవరో ఆ తలుపుకు ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచారా, ఫ్యాను పెట్టీ లాభం లేదు.

మా మేడ ఆ 15 మీటర్ల గీతకు కింద. ఒకటే మెట్లదారి. అడుగున స్కూటర్ల చార్జింగు, మలుపులో నీళ్ల క్యాన్లు, పైన డాబా తలుపుకు తాళం. నిప్పంటుకుంటే పొగంతా పోయే దారిలేక మా అంతస్తులోనే పేరుకుంటుంది, మేమూ డాబా మీదికి పోలేం. ఇంటాయనతో అంటే "దొంగలొస్తారు బాబూ" అన్నారు. బ్యారన్ సంగతి బొమ్మగీసి చెప్పాను. ఆయనదీ వ్యవసాయమే గనుక ఇట్టే పట్టుకున్నారు!

వచ్చే ఏడు మా చెల్లెలు అమీర్‌పేట హాస్టలుకు వస్తోంది. ఆ హాస్టలు మెట్లు ఎక్కి దిగి చూసి వచ్చాను. రెండు దారులున్నాయి, రెండోదాని నిండా పాత మంచాలు. అవి తీయించే దాకా ఫీజు కట్టొద్దని నాన్నకు చెప్పాను. మా డాబా తాళంచెవి మాత్రం ఇప్పుడు తలుపు పక్కనే మేకుకు వేలాడుతోంది. స్కూటర్ల సంగతి ఇంకా తేలలేదు.