అడవిని మోస్తున్న బూజు

తొలకరి పడి, రెండు మూడు గట్టి వానలు దంచాక ఉట్నూరు, జన్నారం, ఖానాపూర్ అడవి బాటల్లో నడిచేవాళ్ల చూపు చెట్ల మీద ఉండదు, పుట్టల మీద ఉంటుంది. రాత్రి ఉరిమితే తెల్లారేసరికి పుట్టకొక్కులు లేస్తాయని ఊళ్లలో నమ్మకం. మబ్బులనే లేచి పోయినవాళ్లకే అవి దొరుకుతాయి. పొద్దెక్కితే గొడుగు విచ్చుకుంటుంది, పురుగు పడుతుంది. కూరకు సరిపోను ఉంచుకుని, మిగిలినవాటిని ఆకుల్లో కుప్పలు పోసి రోడ్డు పక్కన అమ్ముతారు. ఉరుము మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయనక్కర్లేదు. జపాన్‌లోని ఇవాటే విశ్వవిద్యాలయం పరిశోధకులు షిటాకే పుట్టగొడుగులు పెరిగే దుంగలకు క్షణకాలం హెచ్చు వోల్టేజీ విద్యుత్తు తగిలిస్తే దిగుబడి పెరిగింది.

పుట్ట మీద లేచిన ఆ కొక్కు నిజానికి చెదల పంట. శాస్త్రవేత్తలు దాన్ని టెర్మిటోమైసిస్ అంటారు. చెదలు ఎండుకట్టెనూ రాలిన ఆకునూ కొరికి మింగి, సగం అరిగిన ఆ పిండిని పుట్ట లోపలి గదుల్లో తుట్టెలుగా పేరుస్తాయి. దాని మీద తెల్లటి బూజు పడుతుంది. కట్టెకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను అరిగించుకోవడం చెదల వల్ల కాని పని. దాన్ని బూజు విరగ్గొడుతుంది, మెత్తబడిన తుట్టెనూ బూజు కట్టిన గుండ్రటి బుడిపెలనూ చెదలు తింటాయి. వానాకాలంలో ఆ బూజు భూమిలోంచి పొడవాటి కాడను పైకి తోసి గొడుగు విప్పుతుంది. ఈ సేద్యం ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. మనిషి వ్యవసాయానికి పది పన్నెండు వేల ఏళ్లు. వరిగడ్డి మీద ముత్యపుచిప్ప పుట్టగొడుగులను షెడ్డుల్లో పెంచుతున్నాం కానీ, పుట్టకొక్కును మార్కెట్ కోసం పండించే దారి మనకు ఇప్పటికీ దొరకలేదు. చెదలు లేనిదే అది లేదు.

మరి కొత్త పుట్టకు విత్తనం ఎక్కడిది? వానాకాలం సాయంత్రాల్లో దీపాల చుట్టూ ముసిరే ఉసుళ్లే కొత్త పుట్టలకు రాజులూ రాణులూ. బూజు పెంచే చెదల్లో చాలా జాతుల ఉసుళ్లు ఎగిరి పోయేటప్పుడు ఆ బూజును వెంట తీసుకెళ్లవు. వాటికి పుట్టిన తొలి తరం కూలి చెదలే బయటికొచ్చి, విచ్చుకున్న గొడుగుల నుంచి రాలిన బీజాలను ఏరుకుని పోవాలి. సంతలో గిరాకీ ఉన్నది మాత్రం విచ్చుకోని మొగ్గలకే. పుట్ట మీద ఒక్కటీ మిగల్చకుండా మొగ్గలోనే తెంపితే చుట్టుపక్కల పుట్టబోయే పుట్టల వాటాకు కోత పడుతుంది.

అలాగని కోసేవాళ్ల మీద నేరం మోపడం తేలిక, కానీ సరైంది కాదు. స్విట్జర్లాండ్‌లోని లా షనేయాజ్ అడవిలో 1975 నుంచి 2003 దాకా పుట్టగొడుగులు కోసిన చోట్లనూ కోయని చోట్లనూ పోల్చి చూశారు. కోత వల్ల తర్వాతి దిగుబడి తగ్గలేదు. తొక్కుడు పడిన చోట మాత్రం తగ్గింది. ఆ అడవి వేరు, అక్కడి జాతులు వేరు. అయినా చెడేది ఎక్కడో ఆ పాఠం చూపిస్తుంది: నేల దగ్గర. మన దగ్గర అసలు దెబ్బ తీసేవి పుట్టను తవ్వే గడ్డపార, చేను చదును చేసే ట్రాక్టరు, చెదల మందు. అడవిని ఆనుకుని పత్తి చేలు విస్తరించిన ఆదిలాబాద్‌లో గట్టు మీది పుట్ట బతికి ఉండటమే గొప్ప.

పుట్టకొక్కు కనీసం కంటికి కనిపిస్తుంది. టేకు వనాన్ని నిలబెట్టే శిలీంధ్రం ఏనాడూ గొడుగెత్తదు. బస్తర్ సాల వనాల్లో చెట్ల వేళ్లను అంటుకుని ఉండే శిలీంధ్రం తొలి వానలకు ‘బోడా’గా నేలలోంచి తేలుతుంది, జనం ఎగబడి కొంటారు. టేకు, ఇప్ప, వెదురు వేళ్లలో కాపురముండేది మరో తెగ. అది వేరు కణంలోకే చొచ్చుకుపోయి, అక్కడి నుంచి వెంట్రుక కంటే ఎంతో సన్నటి పోగులను మట్టిలోకి పంపుతుంది. రేగడిలోనూ ఎర్రచెల్కల్లోనూ మట్టికి అతుక్కుని కదలని భాస్వరాన్ని వేరు అందుకోలేని దూరం నుంచి తెచ్చిస్తుంది. బదులుగా చెట్టు ఆకుల్లో వండిన చక్కెరలో కొంత, తరచూ 4 నుంచి 20 శాతం దాకా, ఇచ్చుకుంటుంది. వేరూ బూజూ కలిసిన ఈ కాపురానికి మైకోరైజా అని 1885లో పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్, మొదట నేలలో దొరికే ఖరీదైన ట్రఫుల్స్‌ను పండించే దారి వెతుకుతూ పోయి ఈ సంగతి దగ్గర తేలాడు.

టేకు నాటే పద్ధతిని ఈ కంటితో చూస్తే ఓ చిక్కు కనిపిస్తుంది. నర్సరీలో ఏడాది పెంచిన మొక్కను పీకి, కొమ్మనూ పక్క వేళ్లనూ కత్తిరించి, ములక్కాడంత స్టంపును గుంటలో పెడతారు. పోగులున్న సన్నవేళ్లన్నీ ఆ కోతలో పోతాయి. అడవి మట్టి అయితే కొత్త వేళ్లను శిలీంధ్రం మళ్లీ అంటుకుంటుంది. ఏళ్లుగా దున్ని, ఎరువులు గుమ్మరించిన నేలలోనో, గని గుట్ట మీదో దానికంత తేలిక కాదు.

చెట్లు ఈ పోగుల మీదుగా మాట్లాడుకుంటాయనీ, తల్లిచెట్టు పిల్లలకు తిండి పంపుతుందనీ పుస్తకాలూ సినిమాలూ ఊదరగొట్టాయి. కెనడాలో అటవీ శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ 1997లో ఒక చెట్టు నుంచి మరో జాతి చెట్టుకు కార్బన్ చేరడాన్ని చూపిన మాట నిజం. కానీ ఆ తర్వాత పుట్టిన కథల్లో చాలావాటికి అడవిలో తగినన్ని రుజువులు లేవని 2023లో జస్టీన్ కార్‌స్ట్ పరిశోధక బృందం తేల్చింది. నిజం ఆ కథ లేకుండానే కావలసినంత పెద్దది. ప్రపంచంలోని మొక్కలు ఏటా 1,300 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన కార్బన్‌ను వేరు శిలీంధ్రాలకు అందిస్తున్నాయని అదే ఏడాది వెలువడిన మరో అంచనా.

చచ్చిన చెట్టు పని పట్టేదీ శిలీంధ్రమే. ఈ కథకు బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం బొగ్గు నేలల్లో ఓ కొసమెరుపు ఉంది. లిగ్నిన్‌ను కుళ్లబెట్టే తెల్లకుళ్లు శిలీంధ్రాలు సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట పుట్టాకే భూమ్మీద బొగ్గు తయారీ తగ్గిందని 2012లో ఒక సిద్ధాంతం వచ్చింది. 2016లో దానికి గట్టి అభ్యంతరమూ వచ్చింది. గోదావరి లోయ బొగ్గు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల నడుమ నడిచిన పెర్మియన్ యుగానిది. శిలీంధ్రాలే బొగ్గును ఆపి ఉంటే ఇంత బొగ్గు ఇక్కడ ఎలా పేరుకున్నట్టు? గాలి ఆడని బురదలో మునిగిన కట్టెను ఏ బూజూ ముట్టలేకపోయిందన్నదే నమ్మదగిన జవాబు.

ఆ బొగ్గు కోసం ఇప్పుడు నేలను తిరగేస్తున్నారు. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన లేచిన ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టల మీద సింగరేణి మొక్కలు నాటుతోంది. లోతుల్లోంచి తీసిన ఆ రాతిమట్టిలో వేరు శిలీంధ్రం దాదాపు ఉండదు. నాగపూర్‌లోని నీరి పర్యావరణ పరిశోధన సంస్థ మాంగనీసు గని గుట్టల మీద చక్కెర మిల్లు మడ్డితో పాటు మైకోరైజా, నత్రజని బాక్టీరియా కలిపి చెట్లను నిలబెట్టి చూపింది. నాటిన మొక్కల లెక్కతో పాటు వేళ్లకు బూజు అంటిందా అన్న లెక్క కూడా అడగాల్సింది ఇక్కడే.

ఎండాకాలం మంటలు మరో దెబ్బ. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికి చిగుళ్ల కోసం నిప్పు పెట్టడం పాత అలవాట్లు. వాటితో శిలీంధ్రాల తిండి అయిన రాలుటాకు, ఎండు దుంగ బూడిదవుతాయి.

రక్షణ సంగతి చూస్తే కాగితం ఖాళీ. కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది, అక్కడి దుప్పికీ అడవిదున్నకూ చట్టం అండ ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో శిలీంధ్రం ఒక్కటీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను చెబుతూ తేనెనూ లక్కనూ పేరుపెట్టి చేర్చింది, పుట్టగొడుగు పేరెత్తలేదు. చిలీ వంటి దేశాలు తమ పర్యావరణ చట్టంలోనే శిలీంధ్రాలకు చోటిచ్చాయి. 2025 మార్చి నాటికి ఐయూసీఎన్ ఎర్ర జాబితా కోసం పరిశీలించిన శిలీంధ్ర జాతులు దాదాపు 1,300 మాత్రమే, వాటిలో కనీసం 411 ముప్పులో ఉన్నాయి. ప్రపంచంలో ఉన్న జాతులు 22 నుంచి 38 లక్షలని అంచనా.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఏ కొక్కు ఏ కార్తెలో, ఏ పుట్ట మీద లేస్తుందో, ఏది తినకూడదో గోండు, కొలాం గూడేల్లోని పెద్దవాళ్లకు తెలుసు. దాన్ని ఈ వానాకాలమే రిజిస్టర్‌లోకి ఎక్కించవచ్చు. కొక్కులకు పోయేవాళ్లు పుట్టను తవ్వకుండా, రెండు మూడింటిని విచ్చుకోనిచ్చి మిగతావి తెంపుకుంటే చాలు. గుర్తు తెలియని కొక్కును మాత్రం వెండి చెంచా పరీక్షలూ వెల్లుల్లి పరీక్షలూ నమ్మి తినొద్దు. కాలేయాన్ని చంపే అమానిటా విషం తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాతే బయటపడుతుంది.