తుక్కులో కంచు చక్రం.. ఏ బండిది?

అమెరికా పల్లెల్లో పాత కొట్టాలు సర్దుతుంటే ఒక్కోసారి వింత సామాను బయటపడుతుంది. చుట్టూ ఏటవాలు పళ్లున్న బరువైన కంచు చక్రం. పక్కనే పెద్ద మరమేకులాంటి ఉక్కు కడ్డీ. గానుగదా, నీళ్ల యంత్రానిదా అన్నది ఎవరికీ అంతుబట్టదు. కంచు కనుక పాత సామాన్ల వ్యాపారి వెంటనే బేరం పెడతాడు.

తొందరపడితే నష్టమే. అది ఫోర్డ్ మోడల్ టీటీ లారీ వెనుక ఇరుసులోనిది కావచ్చు. టన్ను బరువు మోసే ఈ బండి 1917లో వచ్చింది. 1927 వరకు తయారైంది.

మన లారీల వెనుక ఇరుసులో సాధారణంగా క్రౌన్ వీలు, పినియన్ ఉంటాయి. రెండూ ఉక్కువే. టీటీలో ఆ పని ఈ మరకడ్డీ, కంచు చక్రం చేసేవి. దాని ఇంజను బలం ఇరవై గుర్రాలే. అదే ఇంజనున్న మోడల్ టీ కారులో, ఇంజను నుంచి వచ్చే షాఫ్టు మూడున్నరకు కాస్త పైగా చుట్లు తిరిగితే వెనుక చక్రం ఒక చుట్టు తిరిగేది. లారీలో ఏడుంబావు చుట్లు కావాలి. వేగం తగ్గింది, లాగే సత్తువ పెరిగింది. గంటకు 24 కిలోమీటర్లు మించి నడపవద్దనేవారు.

మరి కంచు ఎందుకు? ఈ మరలు, పళ్లు ఒకదానిపై ఒకటి రాసుకుంటూ జారతాయి. ఉక్కుపై ఉక్కు అలా జారితే వేడెక్కి పట్టేస్తుంది. ఉక్కుపై కంచు సాఫీగా తిరుగుతుంది. అయితే నూనె తగ్గితే ముందు అరిగేది కంచు పళ్లే.

గుర్తుపట్టే లెక్క తేలికే. ముందు చక్రం పళ్లు లెక్కపెట్టాలి. కడ్డీ చివర ఎన్ని మరలు మొదలవుతున్నాయో చూడాలి. పళ్ల సంఖ్యను మరల సంఖ్యతో భాగించాలి. 7.25 వస్తే మామూలు టీటీ. 5.17 వస్తే కాస్త వేగంగా నడిచే రకం. ఇలాంటి మరకడ్డీ వేరే పాత లారీలకూ ఉండేది కనుక, ఇరుసు గుల్లను, బేరింగులను కూడా పోల్చి చూసుకోవాలి.

చక్రాన్ని, కడ్డీని విడదీయరాదు. కలిసి అరిగిన జత అది. ఒకటి పోతే రెండోది సరిగా కుదరదు.

మన ఊళ్లలో పాత లారీ, ట్రాక్టరు సామానుకూ ఇదే జాగ్రత్త. తూకం వేసేముందు పళ్లు లెక్కపెట్టండి. కరిగించేశాక మిగిలేది కంచు ముద్దే. దాచి ఉంచితే ఎక్కడో ఆగిపోయిన బండి మళ్లీ కదలవచ్చు.