ఒకే పాఠం – ఊరూరా కొత్త ప్రసంగం

ఇంట్లో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మనకు మొదట పట్టుకునే దిగులు బడి గురించే. తీరా కొత్త ఊరు వచ్చి చూస్తే అవే ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు. అక్కడ మూడో పాఠం దగ్గర ఆపితే ఇక్కడ నాలుగో పాఠం మొదలుపెట్టుకోవచ్చు. పాఠం మారదు. చెప్పే టీచరు మారతారు, ఉదాహరణలు మారతాయి.

క్రైస్తవుల పండుగల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉందని నాకు భిలాయి వచ్చాకే తెలిసింది.

మా అమ్మమ్మగారి ఊరు మెదక్ దగ్గర. అంతకు ముందు ఏడాది క్రిస్మస్‌కు తెల్లవారుజామునే అమ్మమ్మతో కలిసి మెదక్ చర్చికి వెళ్ళాం. పోయిన క్రిస్మస్ మాత్రం భిలాయిలో. ఆ రాత్రి నాన్నకు ప్లాంటులో డ్యూటీ. అమ్మ, తమ్ముడు, నేను వెళ్ళాం. ఆరాధన అంతా హిందీలో. పాటలు కొత్త, ముఖాలు కొత్త. తమ్ముడు "ఇంటికి పోదాం" అని అమ్మ కొంగు లాగుతున్నాడు. అంతలో పాస్టరుగారు బైబిలు తెరిచి, లూకా సువార్త రెండో అధ్యాయం అన్నారు. అమ్మ నా వైపు చూసి నవ్వింది. అమ్మమ్మ పక్కన కూర్చుని మేం విన్నదీ అదే!

ఏ పండుగకు ఏ కథ?

సువార్త అంటే మంచి వార్త. యేసు జీవితాన్ని చెప్పే నాలుగు పుస్తకాలకు ఆ పేరు. అవి మత్తయి, మార్కు, లూకా, యోహాను. నాలుగూ ఒకేలా ఉండవు. యేసు పుట్టిన కథ మత్తయిలో, లూకాలో మాత్రమే ఉంది. నక్షత్రాన్ని చూసి వచ్చిన జ్ఞానులు మత్తయిలో కనిపిస్తారు. పశువుల తొట్టి, గొర్రెల కాపరులు లూకాలో కనిపిస్తారు. మనం బడిలో వేసే క్రిస్మస్ నాటకంలో ఈ రెండింటినీ కలిపేస్తాం.

మట్టల ఆదివారం నాడు యేసు గాడిదపై యెరూషలేములోకి వచ్చిన కథ చదువుతారు. మంచి శుక్రవారం నాడు సిలువ మరణం. ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీల కథ.

మరి మామూలు ఆదివారాల సంగతి? కథోలిక సంఘానికి 1969లో తయారైన పఠనాల పట్టిక ఉంది. దాని ప్రకారం ఒక ఏడాది మత్తయి, మరుసటి ఏడాది మార్కు, ఆ తరువాత లూకా ముఖ్యంగా చదువుతారు. యోహాను సువార్తను ఎక్కువగా ఈస్టర్‌కు ముందూ వెనుకా ఉంచారు. ఏ ఏడాది ఏ సువార్తో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క ఉంది. సంవత్సరాన్ని 3తో భాగించండి. శేషం 1 వస్తే మత్తయి, 2 వస్తే మార్కు, 0 వస్తే లూకా. 2026ను భాగిస్తే శేషం 1, అంటే మత్తయి. ఒక్క మెలిక ఉంది. చర్చి సంవత్సరం జనవరిలో కాదు, క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం నాడు మొదలవుతుంది. కాబట్టి డిసెంబరు క్రిస్మస్‌ను వచ్చే ఏడాది లెక్కలో వేసుకోవాలి.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం తమ తమ పట్టికలు వాడతాయి. బాప్టిస్టు, పెంతెకోస్తు చర్చిల్లో చాలావరకు పాస్టరుగారే వాక్యభాగాన్ని ఎంచుకుంటారు. అయినా పెద్ద పండుగలకు అందరూ దాదాపు అవే కథల దగ్గరికి వస్తారు.

ఏడు మాటలు

మంచి శుక్రవారం ప్రసంగాల పద్ధతి వేరు. చాలా తెలుగు చర్చిల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఆరాధన జరుగుతుంది. సిలువ మీద యేసు పలికినవి ఏడు మాటలు. ఒక్కో మాటపై ఒక్కొక్కరు మాట్లాడతారు. ఈ ఏడూ ఏ ఒక్క సువార్తలోనూ కలిసి లేవు. మూడు లూకాలో, మూడు యోహానులో ఉన్నాయి. మిగిలిన ఒకటి మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. అయిదో మాట దాహం గురించి. భిలాయి ఎండల్లో, కొలిమి వేడిలో పనిచేసి వచ్చినవారికి దాహమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రసంగం ఎందుకు మరి?

కథ అందరికీ తెలిసిందే అయితే మళ్ళీ వివరించడం ఎందుకు? ఎందుకంటే కథ పాతది, వినేవాళ్ళు కొత్తవాళ్ళు. మంచి ప్రసంగం సాధారణంగా మూడు పనులు చేస్తుంది. ఆనాడు ఏం జరిగిందో చెబుతుంది. అందులో ఒక్క విషయాన్ని పట్టుకుంటుంది. ఆ విషయాన్ని వింటున్నవారి బతుకులోకి తెస్తుంది. నిడివి కూడా ముఖ్యమే. ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటకూడదని, దాటితే జనం నిద్రపోతారని 2024లో పోప్ ఫ్రాన్సిస్ అన్నారు!

మాటలు లేకుండా కూడా ప్రసంగించవచ్చు. మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. దాని రంగుటద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చిత్రించి ఉన్నాయి. బయటి నుంచి వెలుగు పడితే ఆ బొమ్మలు మెరుస్తాయి. చదువు రానివారికి అవే పండుగ పాఠాలు.

ఇప్పుడు లూకా రెండో అధ్యాయానికే వద్దాం. యేసు పుట్టిన వార్త మొదట విన్నది గొర్రెల కాపరులు. మెదక్ పల్లెల్లో కాపరి అంటే ఎవరో చిన్నపిల్లలకూ తెలుసు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. అక్కడ అయ్యగారు ఆ పేదతనం గురించి చెప్పారు. భిలాయిలో గొర్రెల మంద ఏ పిల్లవాడికి గుర్తొస్తుంది? ఇక్కడ 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. షిఫ్టుల మీద నడిచే ఊరు ఇది. అందుకే ఇక్కడి పాస్టరుగారు కథలో మరో చోట ఆగారు. ఆ కాపరులు ఆ రాత్రి ఏం చేస్తున్నారు? మేలుకుని మందను కాస్తున్నారు. అంటే నైట్ డ్యూటీలో ఉన్నారు. ఊరంతా నిద్రపోతుంటే, పనిలో ఉన్నవాళ్ళకే ఆ వార్త ముందు అందింది అన్నారు.

పాఠం ఒక్కటే. అక్కడ అది అమ్మమ్మ ఊరి గురించి మాట్లాడింది, ఇక్కడ మా నాన్న గురించి మాట్లాడింది.

పొద్దున్నే నాన్న ఇంటికి రాగానే ఈ మాట చెప్పాను. బూట్లు విప్పుకుంటూ, "అయితే మా షిఫ్టువాళ్ళకే ముందు తెలిసిందన్నమాట" అని నవ్వారు. తరువాత అమ్మమ్మకు ఫోన్ చేశాం. ఆమె మొదట అడిగింది ఒక్కటే: "మీ చర్చిలో ఏ వాక్యం చదివారే?"

మనం మళ్ళీ ఏ ఊరు వెళ్తామో మనకు తెలియదు. మీరు ఏ మతం వారైనా, కొత్త ఊళ్ళో పండుగనాడు పక్కింటి స్నేహితుణ్ణి ఒక్క మాట అడగండి: "ఈరోజు ఏ కథ చెప్పారు? మన ఊరికి దాన్ని ఎలా కలిపారు?" ఆ జవాబులో ఆ పండుగతోపాటు ఆ ఊరు కూడా మీకు పరిచయమవుతుంది.