ఇంజను ఆయుష్షును నిర్ణయించే కాగితపు మడత

బొగ్గు నింపుకున్న గూడ్సు బండ్లు రాత్రింబవళ్లు నడిచే ఊళ్లలో ధూళికి సెలవు లేదు. హౌరా – ముంబయి ప్రధాన మార్గం మీద ఉన్న బిలాస్‌పూర్ అటువంటి పట్టణం. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడిన దరిమిలా రైలుతోపాటు ఎదిగిన ఈ ఊరు 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానం. ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. అటువంటి ఇంట కారు అంటే పదవీ విరమణ నాటి సొమ్ములోంచి తీసి కొన్నది. మరో కారు కొనే యోచన లేకుండా కొన్నది. దాని ఇంజను అరిగిపోతే విప్పి బాగు చేయించడానికి కొన్ని నెలల పింఛను చాలదు. ఆ ప్రమాదానికి అడ్డుగా నిలిచేది కొద్ది వందల రూపాయల రేకు డబ్బా, అందులో మడతలు పెట్టిన కాగితం. దానినే ఆయిల్ ఫిల్టరు అంటున్నాము.

మొదటితరం మోటారు కార్లకు ఈ రక్షణ లేదు. నూనెను పైపైన వడగట్టే తీగజల్లెడ ఉంటే ఉండేది, అంతే. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జి గ్రీన్‌హాల్ష్ అనేవారు కారు ఇంజనుకు నూనె వడపోత సాధనాన్ని రూపొందించి ‘ప్యూరోలేటర్’ అని పేరు పెట్టారు. తొలి రోజుల ఫిల్టర్లలో చాలావరకు, తిరిగే నూనెలో కొద్ది భాగాన్ని మాత్రమే వడగట్టేవి. నేటి కార్లలో బేరింగులను చేరేముందు నూనె అంతా ఫిల్టరు గుండా పోవలసిందే. సౌకర్యం పెరిగింది, దానితోపాటు ఫిల్టరు మీద భారమూ పెరిగింది.

ఇంతకూ అది పట్టుకోవలసిన శత్రువు ఎంతటిది? మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నడుస్తున్న ఇంజనులో బేరింగుకూ, అందులో తిరిగే ఇరుసుకూ నడుమ ఉండే నూనె పొర కొన్ని మైక్రాన్ల మందమే. పొరకంటే బాగా చిన్నదైన రేణువు నూనెతోపాటు జారిపోతుంది. మరీ పెద్దది ఆ సందులో దూరనే లేదు. సరిగ్గా సందుకు సరిపడేంత రేణువు మాత్రం రెండు లోహాల నడుమ చిక్కి రెంటినీ గీస్తుంది. కంటికి కనిపించే మట్టి కన్నా కనిపించని మట్టికే భయపడాలన్నమాట. పైగా రోడ్డు ధూళిలోని ఇసుక ఇనుముకన్నా గట్టిది.

1988లో అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ప్రచురించిన ఒక పత్రంలో ఈ విషయమై ప్రసిద్ధమైన లెక్క ఉంది. 40 మైక్రాన్ల రేణువులను పట్టే ఫిల్టరుతో పోలిస్తే, 30 మైక్రాన్ల ఫిల్టరుతో ఇంజను అరుగుదల 50 శాతం, 15 మైక్రాన్ల ఫిల్టరుతో 70 శాతం తగ్గినట్లు తేలింది. అయితే అది నూనెలో కావాలని ధూళి కలిపి జరిపిన పరీక్ష. ఇంటి కారులో అంతటి తేడాను ఆశించడం అత్యాశే అవుతుంది. దిశ మాత్రం సరైనదే.

అలాగని ఎంత సన్నని జల్లెడయితే అంత మంచిదని కొనుగోలుదారు అనుకోరాదు. రంధ్రాలు సన్నబడిన కొద్దీ నూనెకు దారి ఇరుకవుతుంది. దారి మూసుకుపోతే ఇంజను ఎండిపోకుండా ఫిల్టరులోనో, ఇంజనులోనో ఒక మారుదారి కవాటం ఉంటుంది. వత్తిడి హద్దు మీరగానే అది తెరుచుకుని, వడకట్టని నూనెనే లోపలికి వదులుతుంది. మురికి నూనె అయినా సరే, నూనె లేకపోవడం కన్నా మేలని దాని న్యాయం. గడువు దాటి వాడిన ఫిల్టరులో జరిగేది ఇదే: కారు నడుస్తూనే ఉంటుంది, కాపలా మాత్రం ఉండదు.

రెండవ కవాటం రబ్బరు పొర. ఇంజను ఆగినప్పుడు ఫిల్టరులోని నూనె వెనక్కు కారిపోకుండా పట్టి ఉంచడం దాని పని. మామూలు రబ్బరు వేడికి గట్టిపడి పట్టు తప్పుతుంది. సిలికోన్ రబ్బరు చాలాకాలం మెత్తగా ఉంటుంది. వారానికి రెండుసార్లు బజారుకూ, ఒకసారి స్టేషనుకూ మాత్రమే కదిలే కాలనీ కారుకు ఈ తేడా చిన్నది కాదు. ప్రతి ప్రయాణమూ చల్లని ఇంజనుతోనే మొదలవుతుంది. నూనె బాగా వేడెక్కకముందే ముగుస్తుంది. లోపల చేరిన తేమ ఆవిరి కాదు, ఆమ్లాలు పెరుగుతాయి. తక్కువ తిరిగిన కారుకు నూనె మార్చనక్కర లేదనే నమ్మకం ఎంత గట్టిదో అంత తప్పు. కిలోమీటర్లు పూర్తి కాకపోయినా, తయారీదారు చెప్పిన నెలల గడువును పాటించాలి. నూనె మార్చినప్పుడెల్లా ఫిల్టరునూ మార్చాలి.

ఎంపిక విషయానికి వస్తే, మరకు సరిపోయినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్లు కాదు. ఒకే కొలత మర ఉన్న రెండు డబ్బాలలో కవాటం తెరుచుకునే వత్తిడి వేరుగా ఉండవచ్చు. కారు పుస్తకంలోని భాగసంఖ్యనే అడగడం క్షేమం. దీర్ఘకాలం నడిపే నూనె వాడేవారికి కృత్రిమ నారల వడపోత మేలు. తరచుగా మార్చేవారికి మంచి కాగితం చాలును. ధర మరీ చౌకగా ఉండి, పెట్టె మీది అచ్చు మసకగా ఉంటే అది నకిలీ అని అనుమానించవలసిందే. ఇక గాలి ఫిల్టరును పట్టించుకోని వారిని ఏ ఆయిల్ ఫిల్టరూ రక్షించలేదు. ధూళి ప్రవేశించే వాకిలి అదే.

బిగించేటప్పుడు పాత ఫిల్టరు రబ్బరు చుట్ట ఇంజనుకే అంటుకుని ఉన్నదేమో చూడాలి. రెండు చుట్టలు ఒకదానిపై ఒకటి పడితే నూనె ఒక్కసారిగా చిమ్మిపోగలదు. కొత్త చుట్టకు కాస్త నూనె రాసి, అది తాకిన తరువాత డబ్బా మీద రాసినంత మేరకే చేతితో తిప్పాలి.

విప్పిన పాత ఫిల్టరును పారవేయడమే చాలామందికి అలవాటు. రైల్వే డీజిలు షెడ్లలో లోకోమోటివ్ నూనె నమూనాను ప్రయోగశాలలో పరీక్షించి ఇనుమెంత, రాగి ఎంత, సిలికాన్ ఎంత అని లెక్క తీస్తారు. రాగి పెరిగితే బేరింగును, సిలికాన్ పెరిగితే గాలి వడపోతను అనుమానిస్తారు. విద్యుత్ ఇంజన్ల ఊరైపోయిన బిలాస్‌పూరులోనూ ఆ పాత విద్య తెలిసిన విశ్రాంత ఉద్యోగులకు కొదువ ఉండదు. కారు యజమానికి ప్రయోగశాల అక్కరలేదు. మెకానిక్కు చేత డబ్బాను కోయించి, కాగితం మడతలను తెల్లని గుడ్డ మీద పరచి, ఎండలో చూస్తే చాలు. నల్లని మడ్డి మాత్రమే ఉంటే సహజం. అయస్కాంతానికి అంటుకునే ముక్కలున్నా, ఇత్తడి రంగు తళుకులు కనిపించినా, ఆ కారును మరో దూరప్రయాణానికి తీయకముందే ఇంజనును చూపించాలి.