కోవిల్‌పట్టి కుంచె చెప్పే పాఠం

కళాశాలల్లో విద్యార్థుల చిత్రకళా ప్రదర్శనలు జరిగినప్పుడు, "బొమ్మలు అన్నం పెడతాయా?" అని తల్లిదండ్రులు సందేహించడం సహజం. అందుకు కోవిల్‌పట్టి చరిత్రే సమాధానం.

మద్రాసు చిత్రకళాశాలలో శిక్షణ పొందిన సి. కొండయ్య రాజు (1898–1976) నాటక సమాజానికి తెరలు చిత్రిస్తూ ఈ ఊరు చేరారు. 1940వ దశకంలో ఇక్కడే దేవీ ఆర్ట్ స్టూడియో నెలకొల్పి శిష్యులను తీర్చిదిద్దారు. వారి దేవతాచిత్రాలు నేటి విరుదునగర్ జిల్లాలోని శివకాశిలో క్యాలెండర్లుగా అచ్చయి, ఇంటింటి పూజామందిరాలకు చేరాయి. ఆ విద్యే వారికి జీవనాధారమైంది.

అయితే అచ్చుపటంలో కుంచె జాడ కనిపించదు. మూలచిత్రం ఎదుట నిలిచినప్పుడే రంగుల పొరలు, దిద్దుబాట్లు తెలుస్తాయి. ప్రదర్శనశాల నేర్పేది అదే. పిల్లలకు ముందుగా ఇంటిలోని పాత క్యాలెండరు చూపి, పిదప ప్రదర్శనకు తీసుకువెళ్లడం మేలు.