1920ల అమెరికా: యంత్రాలు ఇంట్లోకి వచ్చాక మారిన జీవనం



1920ల అమెరికా అనగానే పాఠ్యపుస్తకాల్లో రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన సంపద ఒకటి, 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలడం రెండోది. ఆ మధ్య కాలంలో మామూలు మనుషుల వంటగది, సాయంత్రపు కాలక్షేపం, పాట, చదువు ఎలా మారాయో చాలామంది పట్టించుకోరు. నేను చరిత్ర అధ్యాపకుణ్ణి కాను. భౌతికశాస్త్రం చదువుకుని, దాదాపు ముప్పై ఏళ్లుగా సైన్సు చెబుతున్నవాణ్ణి. కనుక నాకు తెలిసిన దారిలోనే ఈ పాఠం చెబుతాను. కరెంటు తీగ, కారు ఇంజను, రేడియో ఏంటెనా ఆ సమాజంలో ఏ తలుపులు తెరిచాయో ముందు చూద్దాం. అదే సమయంలో సైన్సు పేరు చెప్పి ఏ తలుపులు మూశారో తరువాత చూద్దాం. ఈ రెండో భాగాన్ని సైన్సు చెప్పేవాళ్లం సాధారణంగా దాటవేస్తాం. నేనూ చాలా ఏళ్లు దాటవేశాను.

1920 జనాభా లెక్కల ప్రకారం అమెరికా జనాభా 10 కోట్ల 57 లక్షలు. వారిలో పట్టణవాసులు 51 శాతం. పట్టణాల్లో ఉండేవారి సంఖ్య పల్లెల్లో ఉండేవారిని దాటడం ఆ దేశ చరిత్రలో అదే మొదటిసారి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2,500 మంది ఉన్న ఊరిని కూడా అక్కడ పట్టణం కిందే లెక్కగట్టారు. మన దృష్టిలో అది ఒక మోస్తరు పల్లె. కాబట్టి సగం అమెరికా న్యూయార్క్‌లాంటి నగరాల్లో ఉండేదని ఊహించుకోకండి.

ముందుగా కరెంటు సంగతి. 1920లో అమెరికా ఇళ్లలో కరెంటు ఉన్నవి దాదాపు 35 శాతం. 1930 నాటికి 68 శాతం. అంటే పదేళ్లలో ఇంచుమించు రెట్టింపు. అయితే 1930లో కూడా పొలాల మధ్య ఉండే రైతుల ఇళ్లలో పదింటికి ఒకదానిలోనే దీపం వెలిగింది. తీగ లాగడానికి అయ్యే ఖర్చు తిరిగి రాదని ప్రైవేటు కంపెనీలు అటు వెళ్లలేదు. ఆ పని 1935 తరువాత ప్రభుత్వం పూనుకుంటే గాని సాగలేదు.

కరెంటు వచ్చిన ఇంటికి ఇస్త్రీ పెట్టె, వాక్యూమ్ క్లీనర్, బట్టలుతికే యంత్రం వచ్చాయి. ఇక ఆడవారికి చాకిరీ తప్పింది అని ఆనాటి ప్రకటనలు ఊదరగొట్టాయి. నిజంగా తప్పిందా? రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని నిశితంగా పరిశీలించారు. యంత్రం వచ్చాక ఒంటి శ్రమ తగ్గింది గాని, పని గంటలు పెద్దగా తగ్గలేదని ఆమె తేల్చారు. ముందు వారానికోసారి ఉతికిన బట్టలు ఇప్పుడు తరచుగా ఉతకాలి. పనిమనిషి పోయింది, చాకలివాని దగ్గరకు వెళ్లే బట్టలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఇల్లు ఎంత శుభ్రంగా ఉండాలన్న అంచనా పెరిగింది. ఆ భారమంతా ఇల్లాలి మీదే పడింది. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు ఉన్న మీ ఇంట్లో అమ్మ ఏ గంటకు నిద్రపోతున్నారో గమనిస్తే ఈ వాదన బాగా అర్థమవుతుంది.

కారు కథ మరింత వేగంగా నడిచింది. ఫోర్డ్ కంపెనీ 1908లో మోడల్ టి కారును 850 డాలర్లకు తెచ్చింది. 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే వరుస పెట్టారు. అంతకుముందు కార్మికులు కారు చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు కార్మికుడు ఉన్నచోటే నిలబడితే కారే అతని ముందుకు వచ్చేది. ఒకడు బోల్టు పెడితే పక్కవాడు నట్టు బిగించేవాడు. దీంతో చట్రం కూర్చడానికి పట్టే సమయం సుమారు పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకు దిగింది. 1920ల మధ్యకు వచ్చేసరికి కారు ధర 300 డాలర్ల కంటే తక్కువ. ఆ మాత్రం కూడా లేనివారికి వాయిదాల పద్ధతి ఉంది. ఆ దశాబ్దం మధ్యలో కొన్న కార్లలో ఇంచుమించు నాలుగింట మూడు అప్పు మీద కొన్నవే. 1920లో 80 లక్షలున్న కార్లు 1929 నాటికి 2 కోట్ల 30 లక్షలయ్యాయి.

దీని సామాజిక ఫలితాన్ని లెక్కల్లో చూపలేం. అంతకుముందు ఒక యువకుడు ఒక యువతిని కలవాలంటే వారింటి ముందు గదిలో, పెద్దల కనుచూపు మేరలో కూర్చోవాలి. కారు రాగానే ఆ ముందు గది అవసరం లేకపోయింది. రాబర్ట్ లిండ్, హెలెన్ లిండ్ దంపతులు ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణాన్ని 1924, 1925లలో అధ్యయనం చేసి, 1929లో 'మిడిల్‌టౌన్' అనే గ్రంథం ప్రచురించారు. పట్టణం పేరు మాత్రం అందులో దాచారు. స్నానపు తొట్టి లేని కుటుంబాలు కూడా కారు కొన్నట్టు వారు గమనించారు. మనిషికి ముందు ఏది కావాలో బయటివాడు నిర్ణయించలేడు.

కారుతో పాటు మరొకటి కూడా వచ్చింది. ఇంజను టకటకమని కొట్టుకోకుండా ఉండడానికి 1923 నుంచి పెట్రోలులో సీసం కలిపిన రసాయనం అమ్మారు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఆ రసాయనం తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. అయినా అమ్మకం సాగింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరి దేశం అల్జీరియాలో 2021లో ఆగింది. 1920లలో తీసుకున్న ఒక నిర్ణయం మన పిల్లల రక్తం దాకా వచ్చిందని మీరు గుర్తించాలి.

ఇక రేడియో. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లోని కె.డి.కె.ఎ. కేంద్రం అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసింది. హార్డింగ్ గెలిచాడన్న వార్త మరునాటి పత్రిక కంటే ముందే కొన్ని ఇళ్లకు చేరింది. ఎన్.బి.సి. 1926లో, సి.బి.ఎస్. 1927లో ఏర్పడి, ఒకే కార్యక్రమాన్ని ఒకేసారి దేశమంతటా వినిపించసాగాయి. కరెంటు లేని రైతు రేడియో ఎలా విన్నాడని మీకు సందేహం రావాలి. బ్యాటరీతో విన్నాడు. అదీ లేనివాడు స్ఫటిక రేడియోతో విన్నాడు. చిన్న గెలీనా రాయి, దాన్ని తాకే సన్నని తీగ, చుట్టిన రాగితీగ, పొడవైన ఏంటెనా, చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. వినడానికి కావలసిన శక్తి ఆ తరంగం నుంచే వస్తుంది. ఇంకో విశేషం ఉంది. పగటిపూట అయనావరణంలోని కింది పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చేస్తుంది. చీకటి పడ్డాక ఆ పొర ఇంచుమించు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు పై పొర మీద పరావర్తనం చెంది వందల మైళ్ల దూరంలో దిగుతాయి. అందుకే ఎక్కడో మారుమూల పొలంలో ఉన్న పిల్లవాడు రాత్రిపూట చికాగో పాట వినగలిగాడు.

ఆ పాట ఎవరిది? ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన ప్రశ్న. దక్షిణాది పత్తి పొలాల నుంచి, అక్కడి హింస నుంచి తప్పించుకుని లక్షలాది నల్లజాతివారు మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి చికాగో, డిట్రాయిట్, న్యూయార్క్ నగరాలకు వలస వచ్చారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో న్యూ ఆర్లీన్స్ నుంచి చికాగో చేరాడు. న్యూయార్క్‌లోని హార్లెంలో లాంగ్‌స్టన్ హ్యూస్ వంటి కవులు, జోరా నీల్ హర్‌స్టన్ వంటి రచయిత్రులు కొత్త సాహిత్యం సృష్టించారు. హార్లెంలోనే కాటన్ క్లబ్ అనే చోటు ఉండేది. వేదిక మీద వాయించేవారు నల్లవారు. ఎదురుగా కూర్చుని వినేది తెల్లవారు మాత్రమే. 1927 డిసెంబరులో డ్యూక్ ఎల్లింగ్టన్ తన బృందంతో అక్కడ చేరాడు. ఆ సంగీతం రేడియోలో ప్రసారమైంది. అతణ్ణి తమ పక్క బల్ల దగ్గర కూర్చోనివ్వనివారు అతని పాటను తమ పడకగదిలోకి రానిచ్చారు. తరంగానికి రంగు లేదు. దాన్ని అందుకునేవాడి మనసులో మాత్రం ఉంది.

చట్టంలోనూ మార్పులు వచ్చాయి. 1920 ఆగస్టులో రాజ్యాంగ 19వ సవరణతో స్త్రీలకు దేశమంతటా ఓటుహక్కు లభించింది. దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలకు అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మోకాలి దాకా గౌను వేసుకున్న 'ఫ్లాపర్' బొమ్మలే మనకు సినిమాల్లో కనిపిస్తాయి. నా దృష్టిలో వాటికన్నా పెద్ద మార్పు బడిలో జరిగింది. ప్రభుత్వ హైస్కూళ్లలో విద్యార్థులు 1920లో 22 లక్షలు, 1930లో 44 లక్షలు. ఆ వయసు పిల్లలు అంతమంది ఒకచోట చేరి, తమ తల్లిదండ్రులు చదవని పాఠాలు చదవడం కొత్త.

ఆ బడి దగ్గరే పెద్ద గొడవ జరిగింది. మనిషి తక్కువ జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో బోధించరాదని 1925లో టెనెసీ రాష్ట్రం చట్టం చేసింది. డేటన్ అనే చిన్న ఊళ్లో జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల ఉపాధ్యాయునిపై జూలైలో విచారణ నడిచింది. చికాగో రేడియో కేంద్రం ఒకటి దాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. ప్రభుత్వం తరఫున విలియం జెన్నింగ్స్ బ్రయాన్, స్కోప్స్ తరఫున క్లారెన్స్ డారో వాదించారు. స్కోప్స్‌కు 100 డాలర్ల జరిమానా పడింది. సాంకేతిక కారణంతో 1927లో అది రద్దయింది. ఆ చట్టం మాత్రం 1967 వరకు ఉంది.

ఈ కథను నేను తరగతిలో ఎప్పుడూ 'సైన్సుపై మూఢత్వం దాడి' అని చెప్పి ముగించేవాణ్ణి. ఒకసారి ఒక విద్యార్థిని, "ఆయన ఏ పుస్తకం నుంచి పాఠం చెప్పారు సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తరువాత వెతికి చూశాను. అది జార్జ్ హంటర్ రాసిన 'సివిక్ బయాలజీ', 1914 నాటి ప్రచురణ. అందులో పరిణామవాదం ఉంది. అదే పుస్తకంలో మానవ జాతులకు మెట్లు కట్టి, తెల్లవారిని అన్నిటికన్నా పై మెట్టు మీద కూర్చోబెట్టిన పేరా కూడా ఉంది. 'పనికిరాని' కుటుంబాలు సంతానం కనకుండా చూడాలన్న సుప్రజనన వాదం కూడా ఉంది. నేను గొప్పగా చెప్పుకున్న పుస్తకం అది.

సుప్రజనన వాదం కేవలం పుస్తకంలో ఆగిపోలేదు. హారీ లాఫ్లిన్ అనే ఆయన అమెరికా కాంగ్రెస్ వలసల కమిటీకి ఈ విషయంలో నిపుణుడిగా పనిచేశాడు. ఏ దేశం నుంచి వచ్చినవారు ఆసుపత్రుల్లో, జైళ్లలో ఎందరున్నారో లెక్కించి, ఆ లోపం వారి రక్తంలోనే ఉందని తేల్చాడు. పేదరికం సంగతి వదిలేశాడు. హెర్బర్ట్ జెన్నింగ్స్ అనే జీవశాస్త్రవేత్త ఆ లెక్కల్లో తప్పులు చూపించాడు గాని, ఆయన మాట నెగ్గలేదు. 1924 వలస చట్టం ఒక్కో దేశానికి కోటా పెట్టింది. 1890 నాటికి అమెరికాలో ఉన్న ఆ దేశస్థుల్లో 2 శాతం మందినే ఏటా రానిస్తారు. 1890 ఎందుకు? ఇటలీ, తూర్పు యూరప్ నుంచి ఎక్కువమంది వచ్చింది ఆ తరువాతే కాబట్టి. ఇటలీ కోటా సుమారు 42 వేల నుంచి 3,845కు పడిపోయింది. 1927లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా, క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయడం చట్టబద్ధమేనని తీర్పు ఇచ్చింది. ఆమెలో ఏ మానసిక లోపమూ లేదని తరువాతి పరిశోధకులు చూపారు.

మనవారి సంగతికి వద్దాం. తెల్లవారు, ఆఫ్రికా సంతతివారు మాత్రమే అమెరికా పౌరసత్వం కోరవచ్చని ఆనాటి చట్టం. 1922 నవంబరులో జపాన్‌లో పుట్టిన తకావో ఒజావా పౌరసత్వం అడిగితే, తెల్లవారు అంటే చర్మం రంగు కాదు, శాస్త్రం చెప్పే 'కాకేషియన్' జాతి అని సుప్రీంకోర్టు తిరస్కరించింది. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, పంజాబ్‌లో పుట్టి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అదే శాస్త్రాన్ని చూపి, భారతీయులనూ కాకేషియన్లలోనే చేర్చారు కదా అన్నాడు. అప్పుడు కోర్టు, శాస్త్రం సంగతి కాదు, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడు అనుకుంటాడో అదే ముఖ్యం అంది. రెండు తీర్పులూ రాసింది జార్జ్ సదర్లాండ్ అనే ఒకే న్యాయమూర్తి.

ఆ తీర్పు వచ్చిన ఎనిమిది నెలలకు, 1923 అక్టోబరులో, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో ఓడ దిగాడు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట కింది స్థాయి పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రచురించాడు. 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. గురించిన పరిశోధనలు వెలువడ్డాయి. అమెరికా యువత కార్లలో తిరుగుతూ జాజ్‌కు నర్తిస్తున్న ఆ సంవత్సరాల్లోనే, అదే దేశపు ప్రయోగశాలలో ఈ పని సాగింది. భారతీయులకు పౌరసత్వం ఇచ్చే చట్టం 1946లో గాని రాలేదు. అప్పుడు కూడా వలస కోటా ఏడాదికి 100 మందికే. 1948లో కన్నుమూసేనాటికి సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు. దేశాలవారీ కోటాలను 1965 చట్టం రద్దు చేసింది. ఈనాడు అక్కడ స్థిరపడిన తెలుగువారిలో చాలామంది ఆ తెరిచిన తలుపు గుండా వెళ్లినవారే.

మీలో బయోకెమిస్ట్రీ చదివేవారు ప్రాక్టికల్స్‌లో ఫిస్కే, సుబ్బారావు పద్ధతి చేస్తారు. పరీక్షనాళికలో మాలిబ్డేట్ ద్రావణం కలిపి, దానికి క్షయకరణి చేర్చాక నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. రికార్డు రాసేటప్పుడు పద్ధతి పేరు పక్కన 1925 అని సంవత్సరం కూడా వేయండి.