నిలిపివేసిన లైసెన్సుతో మరల మరల వాహనము నడిపినచో

లైసెన్సు లేకుండ బండి నడుపుట నేరమని అందరును ఎరుగుదురు. కాని ఉన్న లైసెన్సును అధికారులు మూడు మాసములు నిలిపివేసినచో, బడిలో పిల్లవానిని కొంతసేపు బల్ల యెక్కించి నిలువబెట్టినట్టి మందలింపుగా మాత్రమే మనలో పలువురు భావించుచున్నారు. “ఇరువది యేండ్లుగ నడుపుచున్న చేయి, మూడు నెలలలో మరచిపోవునా?” అని సరిపెట్టుకొని మరునాడే తాళపుచెవి చేతబట్టుదురు. పట్టుబడినచో జరిమానా కట్టుదురు, మరల నడుపుదురు. ఇట్టివారి విషయమున చట్టము ఏమి చెప్పుచున్నదో, ఆ భారము తుదకు ఎవరి నెత్తిన పడుచున్నదో ఈనాడు విచారింతము.

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 23వ సెక్షను ప్రకారము, ఒకనిని అనర్హునిగా ప్రకటించుచు ఉత్తరువు వెలువడినచో, ఆ గడువు ముగియువరకు అతని లైసెన్సు చెల్లదు. కార్డు జేబులో నున్నను లేనట్లే. అంతే కాదు, అసలు లైసెన్సే తీసుకొననివాని కంటె ఇతనిని చట్టము కఠినముగ చూచుచున్నది. లైసెన్సు లేక నడిపినవానికి 181వ సెక్షను క్రింద మూడు మాసముల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. అనర్హుడై యుండియు నడిపినవానికి 182వ సెక్షను క్రింద ఖైదు అంతయే గాని, జరిమానా 10,000 రూపాయలు. పూర్వము ఈ జరిమానా 500 రూపాయలకు మించెడిది కాదు. 2019 సెప్టెంబరు 1వ తేదీన అమలులోనికి వచ్చిన సవరణ దానిని ఇరువది రెట్లు చేసినది. గడువు నడుచుచుండగా ఆ సంగతి దాచి వేరొక ఊరిలో క్రొత్త లైసెన్సు సంపాదించుటయు ఈ సెక్షను క్రింద నేరమే; అట్లు సంపాదించిన లైసెన్సు కాగితము విలువకు కూడ రాదు.

త్రాగి నడిపినవారికి, ప్రాణము తీసినవారికి మాత్రమే ఇట్టి గతి పట్టునని తలంచుట పొరపాటు. హెల్మెట్టు లేక ద్విచక్రవాహనము నడిపినవానికి 194డి సెక్షను 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు మాసముల అనర్హతను కూడ నిర్దేశించుచున్నది. ఒకే బండిపై ముగ్గురెక్కినను ఇంతే. కనుక పరువుగల గృహస్థుడును, కాలేజీ చదువు చదువుచున్న కుమారుడును ఈ వలలో చిక్కవచ్చును.

ఇక ముఖ్యవిషయము. త్రాగి నడుపుటను గూర్చిన 185వ సెక్షనులో మొదటిసారికి ఆరు మాసముల వరకు, రెండవసారికి రెండు సంవత్సరముల వరకు ఖైదు అని మెట్లు మెట్లుగ శిక్షలు గలవు. 182వ సెక్షనులో అట్టి మెట్లు లేవు. ఇది చూచి, పదిసార్లు పట్టుబడినను శిక్ష ఒక్కటియే గదా యని ఊరట చెందువారు గలరు. ఆ ఊరట నిలువదు. సోమవారము నడిపినది ఒక నేరము, గురువారము నడిపినది మరియొక నేరము. దేనికది వేరు కేసు. న్యాయాధిపతి చేతిలో జరిమానాయే గాక ఖైదు కూడ ఉన్నది. మొదటిసారి జరిమానాతో విడిచిపెట్టిన న్యాయస్థానము మూడవసారి కూడ అట్లే విడిచిపెట్టునని ఎవరు చెప్పగలరు?

రుసుము చెల్లించి రాజీ పడినచో మచ్చ మాసిపోవునను భ్రమ మరియొకటి. 200వ సెక్షనునకు 2019లో చేర్చిన నిబంధన ప్రకారము, తరువాతి నేరమును నిర్ణయించు సందర్భమున రాజీపడిన నేరము కూడ పూర్వపు నేరముగనే లెక్కకు వచ్చును. అదియు గాక, నిలిపివేతలో నుండి నడుపువాడు సామాన్యముగ పట్టుబడునది మరియొక తప్పు వలననే గదా! అతివేగము, హెల్మెట్టు లేకపోవుట వంటి కొన్ని నేరములలో పోలీసువారు లైసెన్సును స్వాధీనపరచుకొని లైసెన్సు అధికారికి పంపుదురు. 2019 సవరణ ననుసరించి అట్టి నేరము మొదటిదైనచో మూడు మాసముల అనర్హత. రెండవదైనచో లైసెన్సు రద్దు. మూడు నెలల ఓపిక లేనివాడు లైసెన్సునే పోగొట్టుకొనుట ఇట్లు జరుగుచున్నది.

కార్డు చూపకుండ తప్పించుకొను ఉపాయము కూడ ఇప్పుడు సాగదు. 2020 అక్టోబరు 1వ తేదీనుండి అమలైన నియమముల ప్రకారము అనర్హత, రద్దు వివరములను ప్రభుత్వ పోర్టలులో వరుసగ నమోదు చేయవలసియున్నది.

జైలు, జరిమానాల కంటె కుటుంబమును క్రుంగదీయునది భీమా విషయము. తండ్రి పేరనున్న స్కూటరు. కుమారుని లైసెన్సు నిలిపివేతలో నున్నది. సంగతి ఎరిగియు తండ్రి “సందు చివరికే గదా” యని తాళము ఇచ్చినాడనుకొనుడు. చెల్లుబాటగు లైసెన్సు లేనివానికి బండి నిచ్చినందుకు 180వ సెక్షను క్రింద తండ్రియు శిక్షార్హుడే: మూడు మాసముల వరకు ఖైదు, లేక 5,000 రూపాయల జరిమానా, లేక రెండును. ఆ సందు చివరనే ఒక బాటసారికి ప్రాణాపాయము కలిగినచో? అనర్హతాకాలమున నడిపినాడను కారణము భీమా సంస్థకు చట్టమిచ్చిన రక్షణలలో ఒకటి. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమును కూలంకషముగ చర్చించినది. యజమాని తగిన జాగ్రత్త తీసుకొనలేదని ఋజువు చేయు భారము భీమా సంస్థదే. కాని అది ఋజువైనచో, సంస్థ బాధితునకు పరిహారము చెల్లించి ఆ మొత్తమును యజమాని నుండి రాబట్టుకొనునట్లు ట్రిబ్యునలు ఆదేశింపవచ్చును. సంగతి తెలిసియే తాళమిచ్చిన తండ్రికి అచ్చట చెప్పుకొనుటకేమున్నది? ప్రీమియము క్రమముగ కట్టిన ఇంటి మీదనే లక్షల అప్పు వచ్చి పడును. జీతమునకు డ్రైవరును పెట్టుకొనువారును కార్డును మాత్రము చూచి తృప్తి పడక, ఆ లైసెన్సు నేటికిని చెల్లుచున్నదో లేదో విచారించుకొనవలెను.

లారీ, ఆటో నడిపి పొట్టపోసుకొనువాని కష్టము వేరు. మూడు మాసములు బండి దిగినచో పొయ్యిలో పిల్లి లేవదు. ఆకలి అతనిని మరల బండి యెక్కించుచున్నది. దీనిని చట్టము క్షమింపదు గాని, చట్టములో దారులు మాత్రము లేకపోలేదు. లైసెన్సు అధికారి ఉత్తరువునకు ముందు చెప్పుకొనుటకు అవకాశమీయవలెను. నోటీసును అటక మీద పడవేసి ఆ అవకాశమును పోగొట్టుకొనువారే ఎక్కువయని నా అభిప్రాయము. ఉత్తరువు అందిన ముప్పది దినములలో అప్పీలు చేయవచ్చును. దీర్ఘకాలపు అనర్హతయైనచో, ఆరు మాసములు గడచిన పిమ్మట దానిని తొలగింపుమని ఉత్తరువు నిచ్చిన న్యాయస్థానమునే గాని, అధికారినే గాని కోరవచ్చును. అయితే న్యాయస్థానపు ఉత్తరువుపై అప్పీలు దాఖలు చేసినంత మాత్రమున అనర్హత ఆగదు. ఆపుమని పై కోర్టు ప్రత్యేకముగ చెప్పవలెను. ఈ భేదము తెలియక, “అప్పీలులో నున్నది” అను ధైర్యముతో నడిపి క్రొత్త కేసు తెచ్చుకొనరాదు.

గడువు ముగిసిన దినమున కూడ ఒక పని మిగిలియుండును. 2019 సవరణ ప్రకారము, అధికారికి అప్పగించిన లైసెన్సు తిరిగి చేతికి రావలెనన్నచో గుర్తింపు పొందిన శిక్షణాలయములో పునశ్చరణ శిక్షణ ముగించవలెను. కావున ఆ మూడు మాసములలోనే శిక్షణ సంగతి రవాణా కార్యాలయమున విచారించి పెట్టుకొనుట మేలు.